చేప ఏటిది, లైసెన్సు సరిహద్దుది

"అన్నా, ఇక్కడ సాల్మన్ పట్టాలంటే చాలా పైసలు కట్టాలంట. జర్ర దూరం పోతే స్కాట్లాండే కదా, అక్కడ లైసెన్సే అవసరం లేదంట?"

ఉగాదికి ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న న్యూకాసిల్‌లో మనవాళ్లం కలిసినప్పుడు, వరంగల్ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన ఒక తమ్ముడు అడిగిన మాట ఇది. పక్కనున్నవాళ్లు "అవును, మేమూ విన్నాం" అని వంత పాడారు. నేను "నిజమే, కానీ..." అని మొదలుపెట్టాను. ఆ "కానీ" తర్వాత చెప్పాల్సింది సగం కూడా కాకముందే స్టేజీ మీద పిల్లల డాన్సు మొదలైంది. తమ్ముడు మర్యాదగా తలూపి బొబ్బట్ల వైపు జారుకున్నాడు.

అతను విన్నది అబద్ధం కాదు. ఇబ్బంది అక్కడే ఉంది. స్కాట్లాండ్‌లో గాలం వేయడానికి ప్రభుత్వ లైసెన్సు లేదు. కానీ ఆ ఒక్క ముక్కనే నమ్ముకుని రాడ్ (గాలం కర్ర) పట్టుకుని ఏటి ఒడ్డుకు వెళ్తే, ఎర నీళ్లలో పడగానే నేరం చేసినట్టే. పుకారు తప్పయితే సరిదిద్దడం తేలిక. సగం నిజమైన పుకారుని సరిదిద్దాలంటే ఇదిగో, ఇంత పోస్టు రాయాల్సి వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సాల్మన్, సీ ట్రౌట్ (సముద్రానికి పోయొచ్చే ట్రౌట్ చేప) విషయంలో ఏటికో నిబంధన ఉండటం తప్పు కాదు, ఉండి తీరాలి. తప్పల్లా డబ్బు కట్టేది ఒక చోట, అనుమతి ఇచ్చేది ఇంకో చోట, నిబంధన రాసి ఉండేది మరో చోట కావడం. ఆ మూడింటినీ కలుపుకునే పని మాత్రం గాలం పట్టుకున్నవాడి నెత్తిన పడుతుంది. ఇక్కడే పుట్టి తండ్రి వెంట ఏటికి వెళ్లినవాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు. మనలా బయట నుంచి వచ్చినవాళ్లకి మాత్రం ఈ గందరగోళమే ఒక కంచె. ఎవరూ కావాలని కట్టలేదు, కానీ కంచె చేసే పనంతా చేస్తుంది.

ఒకే రోడ్డు, వేరువేరు చట్టాలు

నేనుండే ఊరి మధ్యనుంచే టైన్ పారుతుంది. ఒకప్పుడు మురికికాలువలా ఉన్న ఈ నది ఇప్పుడు ఇంగ్లండ్‌లో సాల్మన్‌కి అన్నిటికంటే పేరున్న వాటిలో ఒకటి. ఇక్కడ 13 ఏళ్లు నిండిన ఎవరికైనా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే రాడ్ లైసెన్సు ఉండాలి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకి డబ్బు తీసుకోరు, కానీ లైసెన్సు మాత్రం తీసుకోవాలి. మామూలు ట్రౌట్ లైసెన్సు వేరు, సాల్మన్, సీ ట్రౌట్ లైసెన్సు వేరు. మొదటిదాని ఖరీదు రెండోదానిలో సగం కూడా ఉండదు. లైసెన్సు లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా వెళ్లొచ్చు. ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతులు.

తేలనిది ఆ తర్వాతిది. ఈ లైసెన్సు ఇంగ్లండ్, వేల్స్ దాదాపు మొత్తానికీ చెల్లుతుంది గానీ, దాన్ని చూపించి ఏ ఒడ్డునా నిలబడటానికి లేదు. ఒడ్డు మీద హక్కున్న యజమానో, క్లబ్బో విడిగా పర్మిట్ ఇవ్వాలి. డ్రైవింగ్ లైసెన్సు ఉంది కదా అని ఎవరి కారు పడితే వాళ్ల కారు తోలుకుపోలేం, ఇదీ అంతే. డబ్బు కట్టించుకునే పేజీలో ఈ మాట లేకపోలేదు. కానీ కార్డు నంబరు కొట్టి, ఫోన్‌కి మెసేజ్ వచ్చాక "ఇక పద" అనుకునేవాళ్లు ఎంతమందో ఆ పేజీకి తెలియదు.

టైన్ వదిలి ఎ1 రోడ్డు మీద ఉత్తరానికి వెళ్తే కోకెట్ నది. అక్కడా ఇదే లైసెన్సు. ఇంకా పైకి వెళ్తే టిల్ అనే చిన్న ఏరు. ఫోర్డ్, ఎటల్ అనే పల్లెల పక్కగా పోతుంది. ఊళ్లు ఇంగ్లండ్‌వి, పబ్బులు ఇంగ్లండ్‌వి, జిల్లా నార్తంబర్లాండ్. కానీ ఇక్కడ ఇంగ్లండ్ లైసెన్సు అక్కర్లేదు. ఎందుకంటే టిల్ వెళ్లి ట్వీడ్‌లో కలుస్తుంది. ట్వీడ్‌కి తనదంటూ ఒక చట్టం ఉంది, రివర్ ట్వీడ్ కమిషన్ అనే సొంత యంత్రాంగం ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 నాటి ఉత్తర్వు. సరిహద్దుకి ఇవతలున్న ఉపనదులు కూడా దాని కిందికే వస్తాయి.

ఇప్పుడు పడమటి వైపు చూడండి. బోర్డర్ ఎస్క్ అనే నది స్కాట్లాండ్‌లో లాంగమ్, కానన్‌బీ ఊళ్ల మీదుగా వచ్చి, ఇంగ్లండ్‌లోకి దిగి, లాంగ్‌టౌన్ దాటి సాల్వే అఖాతంలో కలుస్తుంది. లాంగమ్‌లో నిలబడితే మీరున్నది అచ్చంగా స్కాట్లాండ్‌లో. అయినా అక్కడ గాలం వేయాలంటే ఇంగ్లండ్ వాళ్ల లైసెన్సు కావాలి.

అంటే "స్కాట్లాండ్‌లో లైసెన్సు అక్కర్లేదు" అన్న మాట ఎస్క్ దగ్గర తప్పు. "ఇంగ్లండ్‌లో తప్పనిసరి" అన్న మాట టిల్ దగ్గర తప్పు. మొదటిసారి ఇది చదివినప్పుడు ఎవరో బుర్ర లేనివాళ్లు రాశారనిపించింది. తర్వాత మ్యాపు ముందేసుకుని చూస్తే, ఈ మొత్తం వ్యవహారంలో బుర్ర పెట్టి రాసినవి ఈ రెండు మినహాయింపులే అనిపిస్తోంది. సాల్మన్ పుట్టిన ఏటిని వాసనతో గుర్తుపట్టి, సముద్రం నుంచి మళ్లీ అక్కడికే వచ్చి గుడ్లు పెడుతుంది. దానికి నది మొత్తం ఒకే ఇల్లు. టిల్‌లో పుట్టిన చేప తిరిగొచ్చేటప్పుడు స్కాట్లాండ్ అంచు వెంబడి ఈదుకుంటూ ఇంగ్లండ్ చేరుతుంది. దాన్ని కాపాడాలంటే నదిని మొదలంటా ఒకే చేతికి ఇవ్వాలి. ఈ రెండు చోట్లా చట్టం సరిహద్దు గీతని వదిలేసి నీటి వెంట నడిచింది. మినహాయింపులే సరైనవి, అసలు నియమమే తేడా.

మా గోదావరి వాళ్లకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. వరదకి ఎర్రనీరు తగలగానే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే పులస గురించి తెలిసినవాళ్లకి సాల్మన్ ఇట్టే అర్థమవుతుంది. యానాం దగ్గర వల పడ్డప్పుడు ఆ చేప కేంద్రపాలిత ప్రాంతానిదా, ఆంధ్రాదా అని ఎవరూ అడగరు. అడగాలని నేననడం లేదు. చేపకి ఆ గీత తెలియదని మాత్రం మనకి ముందునుంచీ తెలుసు.

లైసెన్సు లేదంటే ఊరికే అని కాదు

స్కాట్లాండ్‌లో సాల్మన్ పట్టే హక్కు ఒక ఆస్తి. ఇల్లూ పొలమూ లాగా కొనొచ్చు, అమ్మొచ్చు, వారసులకి ఇవ్వొచ్చు. అది భూమితో ముడిపడి ఉండాలని కూడా లేదు. ఒడ్డున పొలం ఒకరిది, ముందున్న నీళ్లలో సాల్మన్ పట్టే హక్కు వేరొకరిది కావొచ్చు. ఆ హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా సాల్మన్‌కి గాలం వేయడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం. అదే చట్టం సీ ట్రౌట్‌ని కూడా సాల్మన్ లెక్కలోనే వేసింది.

ఆ పర్మిట్ డబ్బులోనే మిగతాదంతా ఉంది. స్థానిక సాల్మన్ బోర్డులు హక్కుదారుల మీద పన్ను వేస్తాయి. ఆ డబ్బుతోనే కాపలాదారుల జీతాలు, నది బాగోగులు నడుస్తాయి. హక్కుదారులు దాన్ని పర్మిట్ ధరలో కలుపుకుంటారు. అంటే లైసెన్సు ఫీజు మాయం కాలేదు, జేబు మారింది. పేరున్న నది మీద మంచి నెలలో ఒక్క రోజు పర్మిట్‌కి పోసే డబ్బుతో ఇంగ్లండ్‌లో ఏడాది లైసెన్సు కొని ఇంకా చిల్లర మిగుల్చుకోవచ్చు.

ఆ పైన ఆదివారం. స్కాట్లాండ్‌లో ఆదివారాలు సాల్మన్‌కీ సీ ట్రౌట్‌కీ సెలవు. పనివారమంతా ఆఫీసు, శనివారం పిల్లల ఈత క్లాసులు, తెలుగు బడి, ఇండియన్ స్టోర్. మిగిలే ఒక్కరోజూ చేపకి కూడా సెలవే అంటే మొదట నాకూ చిరాకేసింది. మతం పేరుతో మొదలైన ఆచారమట. కానీ వారంలో ఒక్కరోజైనా ఏరుని దాని మానాన వదిలేయడంలో తప్పు పట్టడానికి నాకు కారణం దొరకలేదు. ఉంచుకోమనే అంటాను.

తేదీలు కూడా నదికొకటి. టే నది జనవరి 15న తెరుస్తారు, ట్వీడ్ ఫిబ్రవరి 1న తెరిచి నవంబర్ 30న మూసేస్తారు. మన టైన్‌లో సాల్మన్‌కి అక్టోబర్ 31తో సరి. చేపలు వచ్చే కాలం నదికో రకంగా ఉంటుంది కాబట్టి ఇది అవసరమే. పట్టిన చేపని ఉంచుకోవడం మళ్లీ వేరే లెక్క. స్కాట్లాండ్ అంతటా ఏప్రిల్ 1కి ముందు పట్టిన ప్రతి సాల్మన్‌నీ వదిలేయాలి. ఆ తర్వాత నది గ్రేడు చూసుకోవాలి. దేశాన్ని 173 భాగాలు చేసి, ఒక్కోదానికి 1, 2, 3 అని ఏటా గ్రేడు ఇస్తారు. గ్రేడు 3 అయితే సీజనంతా పట్టినవి పట్టినట్టే వదలాలి. పోయినేడు ఇంటికి తెచ్చుకునే వీలున్న నదిలో ఈ ఏడు వీలు లేకపోవచ్చు. ఇంగ్లండ్‌లో ఇంకో రకం: జూన్ 16కి ముందు సాల్మన్ ఉంచుకోకూడదు, ఆ పైన 2019 నుంచి పరిస్థితి బాగాలేని కొన్ని నదుల్లో ఏడాది పొడుగునా ఉంచుకోకూడదు.

టిల్ ఒడ్డున ఒకసారి బెయిలిఫ్ (ఏటి కాపలాదారు) ఎదురయ్యాడు. పెద్దాయన, చేతికర్ర, వెంట కుక్క. నేను అలవాటు కొద్దీ ఫోన్‌లో ఇంగ్లండ్ లైసెన్సు తీయబోతే నవ్వి, "అది ఉంచుకోండి, పనికొస్తుంది, ఇక్కడ కాదు" అన్నాడు. పర్మిట్ కాగితం చూశాడు, తేదీ చూశాడు, హుక్కు చూశాడు. తర్వాత పావుగంట సేపు ఆ మలుపులో నీళ్లు ఎంత లోతున్నప్పుడు చేప ఎక్కడ ఆగుతుందో చెప్పాడు. నేను చదివిన అన్ని వెబ్ పేజీలకంటే ఆ పావుగంట ఎక్కువ పనికొచ్చింది. దీన్ని నా వాదనకి ఎదురుగా కూడా వాడుకోవచ్చు, ఆ సంగతి కాసేపట్లో.

సీ ట్రౌట్‌తో తలనొప్పి

సాల్మన్ వరకైతే ఎలాగో సర్దుకోవచ్చు. సీ ట్రౌట్ దగ్గరకొచ్చేసరికి చట్టం, జీవశాస్త్రం రెండూ చేతులెత్తేస్తాయి. సీ ట్రౌట్, ఏట్లోనే ఉండిపోయే బ్రౌన్ ట్రౌట్ ఒకే జాతి. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పిల్లల్లో కొన్ని సముద్రానికి పోతాయి, కొన్ని ఏట్లోనే ఉండిపోతాయి. పోయొచ్చినదానికి ఒక లైసెన్సు, పోనిదానికి ఒక లైసెన్సు. నీళ్లలో ఎర వేసేటప్పుడు ఏది వచ్చి కొరుకుతుందో మన చేతిలో లేదు. తక్కువ ధర లైసెన్సుతో బ్రౌన్ ట్రౌట్ కోసం వేస్తే సీ ట్రౌట్ తగలడం ఈ నదుల్లో వింతేం కాదు. మర్యాదగా వదిలేయడమే దారి. కానీ వదలాలంటే ముందు అది ఏదో తెలియాలి కదా.

తెలుసుకునే గుర్తులు ఉన్నాయి. సాల్మన్ తోక మధ్యలో లోపలికి వంగి ఉంటుంది, తోక మొదలు సన్నగా ఉంటుంది. సీ ట్రౌట్ తోక అంచు దాదాపు తిన్నగా, మొదలు లావుగా ఉంటుంది. సీ ట్రౌట్ నోరు కంటిని దాటి వెనక్కి పోతుంది. వీపు మీద చివరి చిన్న కండరెక్క నుంచి ఒంటి పక్కన పొడవునా ఉండే గీత దాకా పొలుసులు లెక్కపెడితే సాల్మన్‌కి 10 నుంచి 13, సీ ట్రౌట్‌కి 13 నుంచి 16. సరిగ్గా 13 వస్తే ఏం చేయాలని అడక్కండి. పైగా సీ ట్రౌట్‌కి గాలం వేసేది ఎక్కువగా చీకటి పడ్డాక. నడుము లోతు నీళ్లలో, తల మీద టార్చి పెట్టుకుని, కొట్టుకుంటున్న చేప పొలుసులు లెక్కపెట్టే మనిషిని ఒకసారి ఊహించుకోండి.

పాతకాలం వాళ్లు తోక పట్టి పైకెత్తేవారు. చేతిలో నిలిస్తే సాల్మన్, జారిపోతే సీ ట్రౌట్. ఈ చిట్కా నాకు చెప్పిన క్లబ్బు పెద్దాయనే, "ఇప్పుడు అలా ఎత్తకు, చేపని నీళ్లలోనే ఉంచి హుక్కు తీయాలి" అని వెంటనే అన్నాడు. రకం తెలిస్తే తప్ప నిబంధన పాటించలేం, నిబంధనకి కట్టుబడితే రకం తెలుసుకోలేం.

ఇందుకే నాకు ఐర్లండ్ పద్ధతి మొరటుగా ఉన్నా నచ్చుతుంది. అక్కడ 40 సెంటీమీటర్లు దాటిన సీ ట్రౌట్‌ని లైసెన్సు విషయంలో సాల్మన్‌తో సమానంగా చూస్తారు. కొలత టేపు చీకట్లో కూడా పనిచేస్తుంది. వేల్స్ కూడా ఒక కొలత పెట్టింది గానీ అది ఇంకో వైపు నుంచి: 60 సెంటీమీటర్లు దాటిన పెద్ద సీ ట్రౌట్‌ని వదిలేయాలి, అవే ఎక్కువ గుడ్లు పెడతాయి కాబట్టి. రెండు కొలతలకీ కారణాలు వేరు. అయినా ఏట్లో నిలబడ్డ మనిషికి అందుబాటులో ఉన్న పరికరంతో తేలే నిబంధనలు ఇవి.

చేతికి ట్యాగు ఇచ్చిన దేశం

మా పిన్నిగారబ్బాయి ఐర్లండ్‌లో లెటర్‌కెన్నీలో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు డోనెగల్ జిల్లా ఒక్కదాంట్లోనే రెండు లైసెన్సుల సంగతి అర్థమైంది. ఫిన్ నది ఐర్లండ్‌లో పుట్టి, ఉత్తర ఐర్లండ్ సరిహద్దు దగ్గర మోర్న్ నదితో కలిసి ఫోయిల్ అవుతుంది. ఆ నదీ వ్యవస్థ మొత్తానికి లాఫ్స్ ఏజెన్సీ అనే ఉమ్మడి సంస్థ లైసెన్సు ఇస్తుంది. ఉత్తర ఐర్లండ్ శాంతి ఒప్పందమైన గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత వచ్చిన సంస్థ ఇది. కానీ దాని ముందు రూపం, ఫోయిల్ ఫిషరీస్ కమిషన్, 1952 నాటిది. బెల్‌ఫాస్ట్ (ఉత్తర ఐర్లండ్), డబ్లిన్ (ఐర్లండ్) ప్రభుత్వాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లో కూడా ఒక నది కోసం కలిసి కూర్చున్నాయి. డోనెగల్‌లోనే మిగతా నదులకి మాత్రం ఐర్లండ్ ప్రభుత్వ లైసెన్సు. సరిహద్దు దాటి ఉత్తర ఐర్లండ్‌లోని ఇతర నదులకి వెళ్తే అక్కడి వ్యవసాయ శాఖ లైసెన్సు మళ్లీ వేరు.

ఐర్లండ్ లైసెన్సు నేను తీసుకున్నప్పుడు ఒక్క జిల్లాకి 56 యూరోలు, అన్నిటికీ 100. నాకు నచ్చింది ధర కాదు. ఆ లైసెన్సుతో పాటు ఒక చిన్న లాగ్‌బుక్, కొన్ని ట్యాగులు చేతికిచ్చారు. చేపని ఉంచుకోదలిస్తే పట్టిన వెంటనే, అక్కడికక్కడే ట్యాగు తగిలించి, పుస్తకంలో రాయాలి. అప్పట్లో ఏడాదికి మొత్తం 10 చేపలు. మే 11 దాకా రోజుకి ఒకటి, మే 12 నుంచి ఆగస్టు చివరిదాకా మూడు, తర్వాత మళ్లీ ఒకటి. ఏ నది తెరిచి ఉంది, ఏది పట్టి వదిలేయడానికి మాత్రమే, ఏది పూర్తిగా మూత అన్న జాబితా ఏటా ప్రకటిస్తారు. సీజను అయ్యాక అక్టోబర్ 19లోగా లాగ్‌బుక్ వెనక్కి పంపాలి, ఒక్క చేప పడకపోయినా సరే.

మిగతా చోట్ల నిబంధన ఎక్కడో ఒక పీడీఎఫ్‌లో ఉంటుంది, వెతుక్కోవాలి. ఇక్కడ నిబంధన జేబులో ఉంది. ట్యాగు చేతిలోకి తీసుకున్న క్షణంలో "ఈ నదిలో, ఈ నెలలో, నేను దీన్ని వాడొచ్చా" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. లైసెన్సు అనేది డబ్బు కట్టిన రసీదుగా మిగిలిపోకూడదు, ఏం చేయొచ్చో చెప్పే వస్తువు కావాలి. ఈ పోస్టంతా తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తోంది.

ఐర్లండ్ వాళ్లు ఊరికే ఇంత తెలివిగా అయిపోలేదులెండి. 1987లో ప్రభుత్వం ట్రౌట్‌కి కూడా లైసెన్సు పెట్టబోయింది. పడమటి సరస్సుల దగ్గర జనం తిరగబడ్డారు, కొనం పొమ్మన్నారు. గొడవ ఏళ్ల తరబడి సాగి చివరికి ప్రభుత్వమే తగ్గింది. ఇప్పటికీ అక్కడ బ్రౌన్ ట్రౌట్‌కి ప్రభుత్వ లైసెన్సు లేదు. రసీదు మాత్రమే ఇస్తానంటే ఒప్పుకోని జనం, ట్యాగులిచ్చే సాల్మన్ లైసెన్సుని పాటిస్తున్నారు. ఈ రెండిటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందని గట్టిగా అనలేను. ఆ సరస్సుల మీద తరతరాల హక్కు తమదన్న పట్టుదల కూడా అందులో ఉంది.

ఒప్పుకోనివాళ్లు చెప్పేవి

పైన చెప్పిన క్లబ్బు పెద్దాయన నా వాదన విని ఒక్క ముక్కలో కొట్టేశాడు: "గాలాలమ్మే షాపుకెళ్లి అడిగితే రెండు నిమిషాల్లో చెప్తారు. అన్నీ ఫోన్‌లో పెడితే మనిషితో మాట్లాడేదెప్పుడు?" టిల్ ఒడ్డున బెయిలిఫ్‌తో గడిపిన పావుగంట గుర్తొచ్చి నాకు వెంటనే జవాబు తోచలేదు. షాపుల్లో నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు కూడా. ఓపిగ్గా చెప్పారు. కానీ ఏం అడగాలో తెలిసినవాడికే అక్కడ జవాబు దొరుకుతుంది. "ఆదివారం వేయొచ్చా" అని అడగాలని నాకెలా తోస్తుంది? ఆదివారానికీ చేపకీ సంబంధం ఉంటుందని మనకి కలలో కూడా రాదు. ఆయనకి మాత్రం అది నిబంధన కూడా కాదు, ఆదివారమంటే అంతే. తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్ల కోసం గాలం వేసేవాళ్ల సంఘం యాంగ్లింగ్ ట్రస్ట్ 'బిల్డింగ్ బ్రిడ్జెస్' పేరుతో వాళ్ల భాషల్లో బోర్డులు పెట్టించాల్సి వచ్చింది. షాపులో మాట సరిపోయి ఉంటే ఆ బోర్డుల అవసరం ఉండేది కాదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇంత గొడవెందుకు, అన్ని చోట్లా పట్టింది పట్టినట్టు వదిలేయమంటే సరిపోదా? వేల్స్ అదే చేసింది. 2019లో బహిరంగ విచారణ జరిపి, 2020 నుంచి అన్ని నదుల్లోనూ ప్రతి సాల్మన్‌నీ వదలాల్సిందే అంది. ఇంతకంటే సులువైన నిబంధన ఇంకోటి లేదు. మా అమ్మకి ఫోన్‌లో చెబితే, "వదిలేసే చేపకి అంత డబ్బు పోసి, చలిలో నిలబడి, జలుబు తెచ్చుకోవడం దేనికిరా?" అంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరు మాది. ఆవిడకి సమాధానం చెప్పడం నావల్ల కాదు.

కానీ సాల్మన్ పరిస్థితి తెలిశాక వదలడం మీద నాకు పేచీ లేదు. 2023 చివర్లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ గ్రేట్ బ్రిటన్‌లోని అట్లాంటిక్ సాల్మన్‌ని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో తరతరాలుగా వలలు వేసినవాళ్ల డ్రిఫ్ట్ నెట్లు కూడా ఆపించేశారు. గాలంతో పట్టినవి అమ్మడం ఎప్పుడో నిషిద్ధం. నా పేచీ సులువు కోసం సులువు చేయడం మీద. బాగున్న నదినీ కుదేలైన నదినీ ఒకే గాటన కడితే బాగున్నదాన్ని బాగుంచుకున్నవాళ్లకి మిగిలేదేముంది? పైగా వేల్స్ నిబంధన అంత సులువు కూడా కాదు. ఏ హుక్కు వాడాలి, ఏ ఎర వాడకూడదు అన్నవి దానికి తోకలా ఉండనే ఉన్నాయి.

ఇక, దొంగచాటుగా పట్టేవాడు ఏ నిబంధనా చదవడు, చదివే మంచివాళ్ల కోసమే ఇంత తంటా అనేవాళ్లున్నారు. నిజమే. అయితే తెలియక తప్పు చేసేవాణ్ణీ తెలిసి చేసేవాణ్ణీ వేరు చేసే పనితో బెయిలిఫ్ సమయమంతా పోతే లాభపడేది ఆ రెండోవాడే.

స్కాట్లాండ్‌లో కూడా అందరికీ ఒక లైసెన్సు పెడదామన్న మాట రాకపోలేదు. 2014లో ఆండ్రూ థిన్ ఆధ్వర్యంలో జరిగిన సమీక్షలో అది చర్చకొచ్చింది. లైసెన్సు మాత్రం ఇంతవరకు రాలేదు. హక్కుదారుల బోర్డులకి తమ డబ్బు, తమ పెత్తనం ఎక్కడ పోతాయోనన్న బెంగ ఉండటం సహజం. నేను కోరేది వాళ్ల పెత్తనం తీసేయమని కాదు. ట్వీడ్, ఎస్క్, ఫోయిల్‌కి చేసినట్టు నదికి ఒక చేయి ఉంచండి. ఆ చేతినుంచే పర్మిట్, ఆ పర్మిట్ మీదే ఆ రోజు ఆ నదిలో చెల్లే నిబంధన: ఆదివారమా కాదా, ఉంచుకోవచ్చా వదలాలా, ఏ ఎర. ప్రభుత్వ లైసెన్సు కావాలంటే దాని డబ్బు కూడా అక్కడే కట్టించుకుని పంపకాలు వాళ్లలో వాళ్లు చూసుకోవచ్చు. కౌంటరు ఇవతల నిలబడినవాడికి ఆ పంపకాలతో పనేముంది?

లెక్కలు పంపేదెవరు

ఇదంతా మా సౌకర్యం కోసం ఏడుపు అనుకునేవాళ్లకి ఇంకో కోణం. ఇంగ్లండ్, వేల్స్‌లో సాల్మన్ లైసెన్సు ఉన్నవాళ్లు ఏడాదిలో ఎన్ని పట్టారో, ఎన్ని వదిలారో జనవరి 1లోగా చెప్పాలి. ఏమీ పడకపోతే సున్నా అని చెప్పాలి. స్కాట్లాండ్‌లో ఆ లెక్క హక్కుదారులు పంపుతారు. ఐర్లండ్‌లో లాగ్‌బుక్ సంగతి చెప్పాను. ఇవి ఊరికే ఫైళ్లలో పడుండే అంకెలు కావు. నది పరిస్థితి ఎలా ఉందో, వచ్చే ఏడాది నిబంధన ఎలా ఉండాలో తేల్చేటప్పుడు ముందు చూసేవాటిలో ఇవి ఉంటాయి.

స్కాట్లాండ్‌లో గాలాలకి పడ్డ సాల్మన్ లెక్కలు 1952 నుంచి ఉన్నాయి. 2023లో వచ్చిన అంకె అప్పటిదాకా వచ్చినవాటన్నిటికంటే తక్కువ. చేపలు తగ్గాయన్నదాంట్లో ఎవరికీ సందేహం లేదు. కానీ ఎంత తగ్గుదల చేపలు రాక, ఎంత గాలాలు రాక అన్నది విడదీయడం అంత తేలిక కాదు. నిబంధనలు అర్థంకాక ఒకడు రాడ్ అటకెక్కించేస్తే, వాడికి పడాల్సిన రెండు చేపలు ఆ ఏటి లెక్కలోంచి పోతాయి. నది ఇంకాస్త బక్కచిక్కినట్టు కనిపిస్తుంది. మరుసటేడు నిబంధన ఇంకాస్త బిగుస్తుంది, ఇంకొకడు మానేస్తాడు.

అందుకే, కిందటేడు లెక్క పంపనివాళ్లకి ఈ ఏడు లైసెన్సు అమ్మొద్దని ఎవరైనా ప్రతిపాదిస్తే ముందు చెయ్యెత్తేది నేనే. కొందరు విసుక్కుంటారు, అమ్మకాలు కొంత పడిపోతాయి, ఏజెన్సీ ఖజానాకి అది రుచించకపోవచ్చు. నా వరకైతే చాలా ఏళ్లు పంపినది సున్నానే. దానికి పట్టే సమయం రెండు నిమిషాలు.